పది అడుగుల పరీక్ష

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు షాపులో కుట్టుమిషన్ ముందు కూర్చునే చదువుతావని తెలుసు. చేతిలో ఉన్న గౌను పూర్తి చేశాక చదువు. తర్వాత నన్ను తిట్టుకోవడానికి తీరిక కావాలి నీకు.

ఫోన్‌లో చెప్పి ఏడవొచ్చు కదా అంటావు. ఇంట్లో నీ మరదలు పక్కనే ఉంటుంది, ఇది తనకి తెలియని సంగతి. అందుకే మా డ్రైవింగ్ స్కూలు కార్లో, నేర్చుకునేవాళ్ళ హాజరు అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. తర్వాతి క్లాసు పదకొండింటికి. వచ్చే ఆవిడ ఏనాడూ టైముకి రాలేదు, కాబట్టి హాయిగా రాసుకోవచ్చు.

మన మేనేజరమ్మకి నడకలో ఒక మార్కు తగ్గింది. నిన్ననే చెప్పారు.

నీకు ఈ కథంతా ముక్కలు ముక్కలుగా తెలుసు. ఒకసారి వరసగా చెబుతాను, నాకూ తల తేటపడుతుంది. మా పిల్ల జబ్బు లక్ష మందిలో ఒక్కరికి కూడా రాదట. మెదడులో పేరుకునే చెత్తని ఊడ్చే సరుకు ఒకటి అందరి ఒంట్లో తయారవుతుంది, దీని ఒంట్లో అవదు. ఆ చెత్త పెరుగుతుంటే నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోతాయి. నడక, మాట, చూపు. ఆ లేని సరుకుని బయట తయారుచేసి మెదడులోకి ఎక్కిస్తే ఏమవుతుందో ఇరవై నాలుగు మంది పిల్లల మీద చూస్తున్నారు. మనది అందులో ఒకర్తె. నెత్తి మీద చర్మం కింద నువ్వు కోటుకి కుట్టే గుండీ అంత బిళ్ళ పెట్టారు, రెండు వారాలకోసారి అందులో సూది గుచ్చి నాలుగు గంటలు మందు ఎక్కిస్తారు. మందు లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల పాత కాగితాలు వాళ్ళ దగ్గరున్నాయి. వాళ్ళు ఎంత వేగంగా దిగజారారు, వీళ్ళు ఎంత వేగంగా దిగజారుతున్నారు అని పోల్చి చూస్తారు. ఆ కాగితాల్లోని పిల్లలు ఇప్పుడెలా ఉన్నారని నేను అడగలేదు.

నడకకి నాలుగు మార్కులు. మామూలు పిల్లల్లా పరిగెడితే నాలుగు. ఎవరినీ, దేన్నీ పట్టుకోకుండా పది అడుగులు వేస్తే మూడు. పట్టుకుని నడిస్తే రెండు. కూర్చోగలిగితే ఒకటి. మూడు వచ్చిన పిల్లల్నే చేర్చుకున్నారు. మనదానికి పదకొండు నెలల కింద మూడు వచ్చింది. నిన్న రెండు వేశారు. నెల తర్వాత మళ్ళీ చూస్తారు, అప్పుడూ రెండే అయితే ఈ పిల్ల మీద మందు పని చేయట్లేదని ఆపేస్తారు. పని చేయని మందు కోసం పిల్ల తలలో సూదులు గుచ్చకూడదని వాళ్ళ నియమం. నియమం సబబుగానే ఉంది, అందులో నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ మొదటి మూడుతో. అది నేను చేసిన దొంగ మూడు.

పరీక్ష అంటే ఏంటో నాకు తెలిసినంత ఆ డాక్టర్లకి తెలియదక్కా. పద్దెనిమిదేళ్ళుగా నా తిండి అదే. బండి నడపడం వేరు, బండి పరీక్ష పాసవడం వేరు. కుడీ ఎడమా తెలియని ఒక బ్యాంకు ఆయన్ని పరీక్ష దారి ఒక్కటే నలభై సార్లు తిప్పాను. ఎక్కడ అద్దం చూడాలో, ఎన్ని అంకెలు లెక్కపెట్టి స్టీరింగ్ తిప్పాలో బట్టీ పట్టించాను. మొదటిసారికే పాసయ్యాడు. మర్నాడు ఇంటికెళ్ళి సొంత గేటుని గుద్దాడు. అలాంటివాళ్ళని వందల మందిని దాటించాను నేను.

చేర్చుకునే ముందు నడక చూస్తామని మూడు వారాల టైమిచ్చారు. అప్పటికి ఇంట్లో మనది నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేది. గోడ అందకపోతే కూలబడేది. పిల్లల్ని పరీక్ష కోసం ప్రత్యేకంగా తయారు చేయకూడదని కాగితంలో రాసి ఉంది, కింద నేనే సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున్నే దాన్ని మా ప్రాక్టీసు గ్రౌండుకి తీసుకెళ్ళాను. నీ మరదలు కళ్ళజోళ్ళ షాపుకి ఎనిమిదికే వెళ్ళిపోతుంది, నా మొదటి క్లాసు పదింటికి. ఆ రెండు గంటలూ ఎవరికీ తెలియదు. కార్లు వెనక్కి పెట్టడానికి గీసిన గీత మీద సుద్దతో పది గుర్తులు పెట్టాను. చివర ఒక ప్లాస్టిక్ కోను. పాదాల వైపు చూడకు, కోను వైపు చూడు. కుడికాలు ముందు. మడమలు గట్టిగా పట్టే బూట్లు. ‘గేరు వెయ్యి’ అంటే బయల్దేరాలి. రోజుకి నలభై సార్లు. నాలుగేళ్ళప్పుడు వెనక సీట్లో కూర్చుని నా దగ్గర నేర్చుకునేవాళ్ళని ‘క్లచ్చు తొక్కండి, నాన్నకి కోపమొస్తుంది’ అని అదిలించేది కదా, మేనేజరమ్మ అని పేరు పెట్టింది అందుకే కదా. ఆ గ్రౌండంటే దానికి ఇష్టం. మారాం చేయకుండా చేసింది.

పరీక్ష రోజున ఆస్పత్రి కారిడార్లో పది అడుగులు వేసి, పదకొండోదానికి కూర్చుండిపోయింది. ఫిజియో మేడమ్ మూడు వేసింది. నేను బయటికొచ్చి కార్లో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. సిగ్గో సంతోషమో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు చూడు నా పరిస్థితి. దాని అసలు మార్కు అప్పుడే రెండు. ఇప్పుడూ రెండే. అంటే పదకొండు నెలల్లో ఏమీ తగ్గలేదు, అంటే మందు పని చేస్తోంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పకపోతే నెల తర్వాత మందు ఆపేస్తారు. చెబితే, మూడు లేని పిల్లని మోసం చేసి చేర్చావని అప్పుడే బయటికి పంపొచ్చు. ఎటు తిరిగినా గోడే. ఏం చేయమంటావు?

నీ మరదలితో ఫోన్‌లో ఏమీ అనకు.

నీ తమ్ముడు


ఒరేయ్ చిన్నోడా,

గౌను పూర్తయ్యేదాకా ఆగలేక మధ్యలోనే చదివాను. మెడ వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టాలి, ఆ పాపం నీదే.

నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. బళ్ళో లెక్క రాకపోతే జవాబు బట్టీ పట్టుకుని వెళ్ళేవాడివి, లెక్కలో అంకె మారిస్తే నీళ్ళు నమిలేవాడివి. నేను నిన్ను తిట్టను. నా కడుపున పుట్టిన పిల్లకైతే నేనూ ఆ గీత గీసేదాన్నేమో. కానీ ఆ మిగతా ఇరవై ముగ్గురి అమ్మానాన్నలు గుర్తొచ్చారా నీకు? నీ ఒక్కడి అంకె తప్పయితే వాళ్ళ లెక్కంతా తప్పవుతుంది. మంచి మందుని పనికిరాదని పక్కన పడేస్తే ఆ తర్వాత పుట్టే పిల్లల గతేంటి? కొలత తప్పు తీసుకున్నాక ఎంత బాగా కుట్టినా ఆ బట్ట ఎవరికీ పట్టదు. అది నాకు తెలుసు.

వెళ్ళి చెప్పు. పంపించేస్తే పంపించేస్తారు. కానీ ఆస్పత్రి వాళ్ళకంటే ముందు మరదలికి చెప్పు. దాని పిల్ల సంగతి పరాయివాళ్ళ తర్వాత దానికి తెలియడమేంటి?

ఇంకోటి. నాలుగు పేజీలు రాశావు, అందులో మూడూ రెండూ అని ఎన్నిసార్లు వచ్చాయో చెప్పలేను. పిల్ల సరిగ్గా తింటోందా, రాత్రి నిద్రపోతోందా అన్నది ఒక్క ముక్క లేదు. ఈసారి ఉత్తరంలో అది రాయి. బావ అడుగుతున్నాడు.

అక్క


అక్కా,

తింటోంది. మెత్తగా చేసి పెడితే తింటోంది, గట్టివి నమలడం మానేసింది. నిద్ర బాగానే ఉంది. మాటల్లో ‘క్లచ్చు’ మిగిలింది, ‘అమ్మ’ మిగిలింది, ‘వద్దు’ బాగా మిగిలింది. సూది గుచ్చే నర్సుని చూస్తే ‘వద్దు’ అని, ఆ వెంటనే తలకాయ తనే వంచుతుంది. బావకి చెప్పు.

రెండో పరీక్ష సోమవారం అయింది. అదే కారిడారు, నేల మీద అదే నీలం టేపు, మూలన స్టాండు మీద కెమెరా. ఈసారి నేనేమీ నేర్పించలేదు. మూడడుగులు వేసి ఫిజియో మేడమ్ కోటు పట్టుకుంది. మేడమ్ కోటు వదిలించుకోలేదు, కదలకుండా నిలబడి రెండో చేత్తో కాగితం మీద అంకె వేసింది. రెండు. గురువారం పదింటికి పెద్ద డాక్టరు మాట్లాడతారని నర్సు చెప్పింది. ఎందుకో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

గురువారం చెప్పేస్తాను. ఇది నిజాయితీ అనుకుని మురిసిపోకు. అందులో నిజాయితీ పిసరంత ఉంటే ఉండొచ్చు, మిగతాదంతా ఆశ. ఏం చెప్పాలో కార్లో కూర్చుని బట్టీ పట్టాను. సార్, మొదటి అంకె తప్పు, నా వల్ల తప్పింది. అక్కడ రెండు అని దిద్దండి. అప్పుడు రెండు, ఇప్పుడు రెండు, ఏడాదిలో ఏమీ పోలేదు. ఆ పాత కాగితాల్లో ఏడాది పాటు ఏమీ పోకుండా నిలబడిన పిల్ల ఉందా? లేదు కదా? మరైతే మందు పని చేస్తున్నట్టే కదా. నన్ను ఏమైనా అనండి, సూది మాత్రం ఆపకండి. ఇదీ నా ప్రసంగం.

నీ మరదలికి ముందు చెప్పమన్నావు. చెప్పలేదు. వాళ్ళు ఒప్పుకుంటే శుభవార్తతో కలిపి చెబుతాను. తిట్టినా అప్పుడైతే కాస్త తక్కువ తిడుతుంది. నువ్వు నన్ను పిరికివాడంటావు, అను.

నీ తమ్ముడు


అక్కా,

ముందుగా నువ్వు భయపడ్డ సంగతి. ఆ ఇరవై ముగ్గురికీ నా వల్ల ఏ నష్టమూ జరగలేదు. లెక్క తప్పలేదు. ఇక నిశ్చింతగా కుట్టుకో.

గురువారం పెద్ద డాక్టరు గదిలో నేనూ, ఆయనా, ఫిజియో మేడమూ. నీ మరదలికి సెలవు దొరకలేదు, ఇదేదో మామూలు మాటే అనుకుని వెళ్ళిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే నేను మొదలుపెట్టాను. బట్టీ పట్టింది కదా, గడగడా చెప్పేశాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక, అలసిపోయేదా అని అడిగాడు. ఐదుసార్లకోసారి కూర్చోబెట్టేవాణ్ణన్నాను. పడిందా అన్నాడు. మొదటి వారం పడేది, తర్వాత లేదన్నాను. ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తల దించుకుంది.

‘మీరొక్కరే అనుకుంటున్నారా?’ అన్నాడాయన. ‘తయారు చేయకండి అని ఎందుకు రాశాం? అందరూ చేస్తారు కాబట్టే. ఒకావిడ మా కారిడార్ పొడవు కొలుచుకెళ్ళి ఇంట్లో ఇదే రంగు టేపు అంటించింది. మా పరీక్ష అది తెలిసే పెట్టాం. పిల్ల రోజూ ఎలా నడుస్తుందని మేం అడగం, నడవగలదా లేదా అని అడుగుతాం.’

నేను వదల్లేదు. ఇంట్లో గోడ పట్టుకునేది సార్, నేను నేర్పిస్తే నడిచింది, అది నడక కాదు బట్టీ అన్నాను. బ్యాంకు ఆయన గేటు గుద్దిన కథ కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు.

‘బండి రానివాళ్ళకి మీరు పరీక్ష మటుకు నేర్పించగలరేమో. ఈ జబ్బులో కాలు మర్చిపోయినదాన్ని ఎవరూ నేర్పించలేరు. మా దగ్గర అరవై మంది పిల్లల పాత కాగితాలున్నాయి. పోయిన నడక ప్రాక్టీసుతో తిరిగొచ్చిన పిల్ల ఒక్కతి లేదు. మీ పాప రెండు మూడుసార్లు పడి భయపడింది, అందుకే గోడ పట్టుకునేది. ఆ భయం మీరు తీశారు. నడక అప్పటికి దాని దగ్గరే ఉంది’ అన్నాడు.

అప్పుడు మేడమ్ కంప్యూటర్లో ఆ మొదటి పరీక్ష వీడియో పెట్టింది. పిల్లలెవరో తెలియకూడదని నడుము కింద నుంచే తీస్తారట. వేరే ఊళ్ళలో ముగ్గురు దాన్ని చూసి మార్కు వేస్తారు. ఏ పిల్లో, మందుకి ముందో తర్వాతో వాళ్ళకి చెప్పరు. ముగ్గురూ మూడే వేశారు. నేనూ చూశాను. మడమలు గట్టిగా పట్టే ఆ బూట్లు. కుడికాలు ముందు. ఏడో అడుగులో కాస్త ఊగి, సర్దుకుని, పది. అంతా చూశాక కూడా నేను, ‘తప్పని రాసుకోండి సార్, సంతకం పెడతాను’ అన్నాను. నేను దొంగనని నేనే ఒప్పుకుంటుంటే అవతలివాళ్ళు ఒప్పుకోరేంటని నాకు ఉక్రోషం వచ్చింది. బతిమాలాను కూడా. చేతులు పట్టుకున్నాను అక్కా, ఆ పెద్దమనిషివి. ఆయన విడిపించుకోకుండానే, ‘మూడు సరైనదే. పోయింది కూడా నిజంగానే పోయింది’ అన్నాడు.

అర్థమైందా? అది దొంగ మూడు అయినంత కాలం మనది ఏమీ పోగొట్టుకోలేదు. పదకొండు నెలలు తప్పు చేశానని కుమిలిపోయాను, నిజమే. కానీ ఈ నెల రోజులుగా ఆ తప్పునే పట్టుకుని వేలాడాను. నాకు మిగిలిన ఒక్క ఆధారం అదే, అదీ పోయింది.

సంతకాలు పెట్టాను. మందు ఆపేశారు. నెత్తి మీది బిళ్ళ వచ్చే నెల తీసేస్తారు. మూడు నెలలకోసారి నడక మటుకు చూస్తూ ఉంటామన్నారు, దాని అంకెలు మిగతావాళ్ళ అంకెలతో పాటు లెక్కలో ఉంటాయట. మిగతా పిల్లల మీద మందు పని చేస్తోందా అని అడిగాను. ఇంకా తేలలేదన్నాడు. తలుపు దాకా వచ్చిన మేడమ్, మీరు చాలా బాగా నేర్పించారండీ అంది. ఆవిడ మనసులో ఏం పెట్టుకుని అందో నాకు తెలియదు.

మధ్యాహ్నం నీ మరదలు ఇంటికొచ్చాక చెప్పాను. పిల్ల లోపల గదిలో పడుకుంది. మందు ఆపేశారని చెప్పినప్పుడు తను బ్యాగు భుజం మీద నుంచి తీయకుండానే కుర్చీలో కూర్చుంది. తర్వాత గ్రౌండు సంగతి మొదలుపెట్టాను. ఎందుకు దాచావని అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

‘ఇరవై రోజులు నడిచిందా?’ అంది. ‘ఏదీ పట్టుకోకుండా? రోజూనా?’

రోజూ అన్నాను.

‘నేను చూసిందల్లా గోడ పట్టుకోవడమే. చెప్పు, ఎలా నడిచింది?’

చెప్పాను అక్కా. మొదటి రోజు ఐదడుగులు, నాలుగో రోజుకి ఏడు, తొమ్మిదో రోజుకి పది. ఏడో అడుగు దగ్గర ఎడమ మడమ లోపలికి తిరిగేదని చెప్పాను. పదకొండో రోజు పది దాటి ఆగకుండా పద్నాలుగు వేసింది. కోను పక్క నుంచి దాటి వెళ్ళిపోతోంది. నేను పరిగెత్తి భుజం పట్టుకుని, పది చాలు, పది దగ్గర ఆగాలని ఎన్నిసార్లు చెప్పానని కసిరాను. పరీక్షకి పదే కదా. వెనక్కి తెచ్చి మళ్ళీ మొదటి గుర్తు దగ్గర నిలబెట్టాను. అదీ చెప్పాను. తను కళ్ళు మూసుకుని వింటోంది, మధ్యమధ్య ‘ఊఁ, తర్వాత’ అంటోంది. ఎవరైనా కనిపెడతారని ఫోన్‌లో ఒక్క వీడియో కూడా తీసుకోలేదన్నాను.

‘పద్నాలుగు వేసినప్పుడు దాని మొహం ఎలా ఉంది? నవ్విందా?’ అని అడిగింది.

నవ్వింది అన్నాను. పెద్దగా నవ్వింది, కోను దాటాక వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది అన్నాను. తను చాలాసేపు ఏడ్చింది, తర్వాత మొహం కడుక్కుని పిల్ల దగ్గరికి వెళ్ళి పడుకుంది.

నవ్విందో లేదో నాకు తెలియదక్కా. ఇరవై రోజులూ నేను పాదాలే చూశాను.

నీ తమ్ముడు